పాత ల్యాప్‌టాప్‌ను పక్కన పడేసే ముందు



మీ ఇంట్లో ఏడెనిమిదేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్ ఉందా? స్క్రీన్, కీబోర్డు బాగానే ఉన్నా విండోస్ 11 మాత్రం ఎక్కనంటోందా? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. దాంతో పిల్లలకు కొత్త ల్యాప్‌టాప్ కొనక తప్పదని చాలా ఇళ్లలో అనుకుంటున్నారు. అంత తొందర వద్దని నా అభిప్రాయం.

ముందు అసలు విషయం చూద్దాం. విండోస్ 11 నడవాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం, ఆ తర్వాతివి మాత్రమే సాధారణంగా దాని జాబితాలో ఉంటాయి. అంటే మీ ల్యాప్‌టాప్ పాడవలేదు, నిబంధన మారింది. అదే ల్యాప్‌టాప్‌లో లినక్స్ హాయిగా నడిచే అవకాశం ఎక్కువ. ఉచితంగా దొరికే లినక్స్ మింట్‌కు 4 జీబీ ర్యామ్ సరిపోతుంది.

"మరి స్కూలు పనికి విండోస్ కావాలి కదా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొన్ని పరీక్షల సాఫ్ట్‌వేర్లు, కొన్ని గేమ్‌లు విండోస్ మీదే నడుస్తాయి. అందుకే డ్యుయల్ బూట్ ఉంది. ఒకే డిస్క్‌ను భాగాలు చేసి విండోస్‌ను ఒకచోట, లినక్స్‌ను మరోచోట ఉంచుతారు. ఆన్ చేయగానే ఏది కావాలో కంప్యూటరే అడుగుతుంది. ఇంటర్నెట్, ప్రాజెక్టులు, ప్రోగ్రామింగ్ లినక్స్‌లో చేసుకోవచ్చు. అప్‌డేట్లు రాని విండోస్‌ను తప్పనిసరి పనులకే వాడండి. బ్యాంకు లావాదేవీలు అందులో వద్దు.

అన్ని మెషీన్లకూ ఇది కుదురుతుందని చెప్పను. వైఫై చిప్ అయినా, కెమెరా అయినా ఆపరేటింగ్ సిస్టమ్‌తో మాట్లాడాలంటే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఉండాలి. కొందరు తయారీదారులు విండోస్‌కే డ్రైవర్ ఇచ్చి ఊరుకుంటారు. కొన్ని వైఫై చిప్‌లు, వేలిముద్ర స్కానర్లు, గ్రాఫిక్ కార్డులు లినక్స్‌లో ఇబ్బంది పెట్టేది అందుకే. అయితే ముందే తేల్చుకునే దారి ఉంది. లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచే కంప్యూటర్‌ను ఆన్ చేయవచ్చు. "ఇన్‌స్టాల్" నొక్కనంత వరకూ మీ డిస్క్ జోలికి అది రాదు. వైఫై, సౌండ్, కెమెరా, టచ్‌ప్యాడ్, ప్రింటర్ ఒక్కొక్కటీ మీ అమ్మాయి చేతో అబ్బాయి చేతో పరీక్ష చేయించి, కాగితం మీద టిక్కులు పెట్టించండి. అన్నీ పనిచేస్తే ముందుకు వెళ్లండి. లేకపోతే పెన్‌డ్రైవ్ తీసేయండి, నష్టమేమీ లేదు.

ఇన్‌స్టాల్ చేసే ముందు మూడు జాగ్రత్తలు. ఫొటోలు, ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి. అది లేకపోతే మీ ఫైళ్లు మీకే అందకుండా పోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఆఫీసు ల్యాప్‌టాప్‌పై ఈ ప్రయోగం చేయకండి. అది కంపెనీ సొత్తు.

ఇదంతా డబ్బు మిగుల్చుకోవడానికే అనుకోకండి. రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసులకు నడిచే మనలో చాలామంది రోజంతా లినక్స్ సర్వర్ల మీదే పనిచేస్తాం. ఇంటికొచ్చి పిల్లలకు మాత్రం కంప్యూటర్ అంటే విండోస్ ఒక్కటే అన్నట్టు చూపిస్తాం. కేరళలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఎన్నో ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంటున్నారు. మన హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ మెనూలతో సహా తెలుగులో కనిపించే లినక్స్‌ను తయారుచేసింది. వేలల్లో ఫీజులు కడుతున్న మనం ఇంట్లో ఆ పరిచయమైనా కలిగించకపోతే ఎలా?

డ్యుయల్ బూట్ పెట్టాక ఒక్కోసారి లినక్స్ నుంచి విండోస్‌లోకి వచ్చేసరికి గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. కంప్యూటర్ లోపలి గడియారాన్ని లినక్స్ ప్రపంచ ప్రామాణిక సమయంగా చూస్తుంది, విండోస్ మన సమయంగా చూస్తుంది. ఆ ఐదున్నర గంటలు ఎక్కడివో మీ పిల్లల్నే కనుక్కోమనండి. భూగోళం పాఠంలో చదివిన రేఖాంశాలు అక్కడ పనికొస్తాయి. "పనిచేయడం లేదు" అనే ప్రతి మాట వెనకా ఒక కారణం ఉంటుందని, వెతికితే అది దొరుకుతుందని వారికి తెలుస్తుంది.

వచ్చే సెలవుల్లో ఒక పూట కేటాయించండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి చాలు. కొత్త ల్యాప్‌టాప్ సంగతి ఆ తర్వాత ఆలోచించవచ్చు.