సూదిపోటుతో పక్షవాతం ఆగదు

పక్షవాతం వచ్చిన మనిషి 10 వేళ్ల కొసలనూ సూదితో గుచ్చి నెత్తురు తీస్తే ప్రాణం నిలుస్తుందన్న సందేశం వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతోంది. అది నిజం కాదు. మెదడులోని రక్తనాళం మూసుకుపోవడం వల్లనో, చిట్లడం వల్లనో పక్షవాతం వస్తుంది. వేలి నుంచి నాలుగు చుక్కలు కారిస్తే ఆ నాళం బాగుపడదు. విలువైన సమయం మాత్రం పోతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా 4.5 గంటలలోపే ఇవ్వాలి. అదీ సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలిన తరువాతే. కనుక ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, ఒకవైపు చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో వైద్యునికి చెప్పండి. మంచి మనసుతో పంపినంత మాత్రాన అబద్ధం వైద్యం కాదు. అటువంటి సందేశాన్ని మీ దగ్గరే ఆపండి. పంపినవారికీ సంగతి చెప్పండి.