పిడికెడు బియ్యము



ముష్టి యను మాటకు సంస్కృతమున పిడికిలి యని యర్థము. వీధిగుమ్మము నొద్ద నిలిచి యాచించువానికి వేయు పిడికెడు గింజలకు మన తెలుగునాట ఆ పేరే వచ్చినది. క్రమముగా అది భిక్షకు పేరై, తుదకు తిట్టుగా కూడ మారినది. పిడికిలి యొక్కటే, బియ్యమొక్కటే, వేయు చేయియు ఇల్లాలిదే. అట్లుండగా ఆ మాట కింత నీచత్వ మేల పట్టినది? అడిగించుకొని యిచ్చుటచేతను, తాము తినగా మిగిలినది యిచ్చుటచేతను, ఇచ్చువారు గడప లోపలను పుచ్చుకొనువారు గడప వెలుపలను నిలుచుటచేతను పట్టినదని నాకు తోచుచున్నది. ఈ మూడు దోషములకును చోటీయని పిడికెడు బియ్యమొకటి మన తెలుగు క్రైస్తవ కుటుంబములలో చిరకాలముగా వాడుకలో నున్నది. ఈ నెల దానిని గూర్చి ముచ్చటింతము.

ఆ యాచారము నెరుగని వారికొరకు చెప్పెదను. గృహిణి వంటకు బియ్యము కొలిచినపుడు, కడుగుటకు ముందే, అందుండి ఒక పిడికెడు తీసి వేరుగా నుంచిన కుండలోనో డబ్బాలోనో వేయును. పూటపూటకును ఇట్లే. ఆదివారము ఆరాధనకు పోవునపుడు వానిని సంచిలో పోసికొని దేవాలయమునకు తెచ్చి కానుకలతోపాటు సమర్పించును. అందరి బియ్యమును ఒక్కచోట పోసిన పిదప, ఎవరు నిండు పిడికిలి పట్టిరో, ఎవరు బిడ్డల యాకలిని తలచి వ్రేళ్లు సడలించిరో ఎవ్వరికిని తెలియదు. సన్నబియ్యమును చౌకధరల దుకాణపు బియ్యమును ఒక్క రాశియై పోవును. ఈశాన్యమున మిజో క్రైస్తవులు 1910వ సంవత్సరమున ఇట్టి పద్ధతినే ఆరంభించిరి. నేటికిని అచ్చటి సంఘకార్యములకు అది యొక గొప్ప యాధారము.

ఈ పిడికెడులో స్త్రీలు గమనింపదగిన విశేషమొకటి కలదు. పూర్వము ఇల్లాలి చేత రొక్క ముండుట యరుదు. పొలము పురుషునిది, పంట యమ్మిన సొమ్ము పురుషునిది, ఆమె కష్టించి తెచ్చిన కూలి సైతము పలుమారు అతని చేతికే పోయెడిది. ఆమె యధికారము చెల్లునది వంటింటి కుండమీదనే. ఆ కుండలోనుండియే, ఎవరి యనుమతియు వేడనక్కరలేక, తనదియని చెప్పి యీయదగినదొకటి ఆమెకు దొరకినది.

దీని లెక్కయు చూడుడు. పిడికిలికి 50 గ్రాములనుకొందము. దినమునకు రెండు పూటలైనచో 100 గ్రాములు, నెలకు 3 కిలోలు. 40 కుటుంబములున్న చిన్న సంఘమున నెలకు 120 కిలోలగును. ఏ యింటను ఒక ముద్ద తక్కువైనట్లే తోచదు. అయినను, ఐదుగురున్న కుటుంబమునకు నెలకు 40 కిలోలు వలయుననుకొన్నచో, ఆ రాశితో మూడిండ్లు నెలంతయు గడచును.

ఇక నెల్లూరు తీరమున, గూడూరునకు సమీపముననున్న చిల్లకూరు ప్రాంతమును తలచుకొందము. జాతీయరహదారి యొకవైపు, తూర్పున సముద్రము, ఆ తీరము వెంబడి బకింగ్‌హాము కాలువ, నడుమ వరిమళ్లును రొయ్యల చెరువులును ఇసుకనేలలును గల సీమ యిది. ఈ దక్షిణ నెల్లూరు సీమలో లూథరను సంఘమునకు 1865లో పునాది పడినది. జర్మనీ దేశమునందలి హెర్మన్స్‌బర్గు మిషను పక్షమున ఆగస్టు మీలియుసు అను బోధకుడు సూళ్లూరుపేటలో పని యారంభించెను. తరువాత నాయుడుపేట, గూడూరు మొదలగు చోట్ల వారి కేంద్రములు వెలసినవి. మొదటి ప్రపంచయుద్ధము వచ్చినపుడు జర్మను బోధకులు శత్రుదేశీయులుగా నెంచబడి తమ పని విడువవలసివచ్చినది. అమెరికాలోని ఓహియో లూథరను సభవారు దానిని చేపట్టిరి. నేడు తిరుపతి ప్రధానస్థానముగా గల దక్షిణాంధ్ర లూథరను సంఘము ఆ పనికి వారసురాలు. దొరలు మారిరి, పరిపాలనలు మారినవి. వంటింటిలోని కుండకు మాత్రము సముద్రము దాటి ధనము రానక్కరలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఈ బియ్యము ఎచ్చటికి పోవలెను? తరచుగా దీనిని వేలము వేసియో అమ్మియో, వచ్చిన సొమ్మును గురువుగారి జీతమునకును, మందిరపు మరమ్మతునకును, ఇతర వ్యయములకును వినియోగింతురు. అవి యావశ్యకములే, కాదనువా రుండరు. కాని వచ్చిన గింజలన్నియు మందిరపు గోడల లోపలనే వ్యయమగునెడల అది చందా యగును. పొరుగువారిపై ప్రేమ యనిపించుకొనుటకు అందు కొంతభాగమైనను ఆ గోడలు దాటవలెను.

దీనికి ఆధారము వారి వేదగ్రంథముననే కలదు. తన్ను తాను ప్రేమించుకొనునట్లే పొరుగువానిని ప్రేమింపవలెనను ఆజ్ఞ క్రీస్తు బోధగా లోకప్రసిద్ధము. అది మొదట కానవచ్చునది పాతనిబంధనలో, లేవీయకాండము 19వ యధ్యాయమున. ఆ యధ్యాయముననే, ఆ యాజ్ఞకు ముందుగనే, పొలము కోయువారు చేని యంచులు పూర్తిగా కోయరాదనియు, పరిగె యేరుకొనరాదనియు, వానిని బీదలకును పరదేశులకును విడువవలెననియు నియమింపబడినది. ప్రేమను గూర్చి చెప్పుటకు ముందు గింజలను గూర్చి చెప్పుట యెంత యుచితముగా నున్నది!

పరిగె యనిన నేమో మన పల్లెల స్త్రీలకు వివరింపనక్కరలేదు. రూతు అను మోయాబు దేశపు వితంతువు అత్తగారి వెంట బేత్లెహేము చేరి, పరుల చేలలో పరిగె యేరి ఆమెను పోషించిన కథయు మీలో పలువు రెరిగినదే. ఆ చేని యజమాని, ఆమె కొరకు పనలలోనుండి కొన్ని వెన్నులు కావలెననియే జారవిడువుడనియు, ఆమె నెవ్వరును గద్దింపరాదనియు కోతవాండ్రకు ఆజ్ఞాపించెను. ఇచ్చుట యనిన ఇదియే. ఆమె చేయి చాపవలసిన పని లేకపోయెను. నేలపై దొరకిన దానిని తన కష్టముతో ఏరుకొని తలయెత్తుకొని యింటికి పోయెను.

పొరుగువా డెవడని యడిగిన ధర్మశాస్త్రజ్ఞునకు క్రీస్తు చెప్పిన కథలో, దారిలో కొట్టబడి పడియున్నవానిని ఆదుకొన్నవాడు ఒక సమరయుడు. అనగా యూదులు పొత్తు కూడని జాతివాడు. పొరుగునకు ఎల్లలు చెప్పుమని యడిగినవానికి ఆ కథవలన ఎల్లలు దొరకలేదు, చెరిగిపోయినవి.

ఈ రెండు పాఠములును మన తీరసీమలోనే ఒకమారు కఠిన పరీక్షకు నిలిచినవి. 1876 మొదలు 1878 వరకు దక్షిణ హిందూదేశమును ఘోరమైన కరవు పీడించెను. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. అచ్చట అమెరికను బాప్తిస్టు మిషనునకు చెందిన జాన్ క్లౌ అను బోధకుడు, పూర్వము తన దేశమున భూమి కొలుచు పని చేసినవాడగుటచేత, త్రవ్వకములో నున్న బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి గిట్టునట్లు చేసెను. అన్నము పెట్టుటతోపాటు కష్టించి సంపాదించితిమన్న గౌరవము నిలుపుట అందలి సొగసు. అంతకంటె గొప్పది మరియొకటి కలదు. ఆ కరవుకాలమున ఎందరు వచ్చి వేడినను ఆయన బాప్తిస్మ మిచ్చుట నిలిపివేసెను. కూటికొరకు మతము పుచ్చుకొన్నారన్న మాట వారికి రాకూడదనియు, అన్నమునకు వెల గట్టినట్లు కాకూడదనియు ఆయన తలంపు. కరవు తగ్గిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆకలి తీర్చినందులకు ప్రతిఫలము కోరరాదను నియమమును ఆ నిరీక్షణ నేర్పినది.

కులము మాటయు అంతే. ఆ క్లౌ తొలినాళ్లలో, అంటరానివారని యెంచబడినవారిని చేర్చుకొందురేని తాము రాజాలమని అగ్రవర్ణములవారు తెలిపిరి. ఆయనయు భార్య హారియెట్టును ఆలోచించి, పేదలకు తలుపు మూయుటకు సమ్మతింపలేదు. అయినను, తలుపు తెరచినంతమాత్రమున ఊరి గోడలు కూలవు. నేటికిని సంఘములలో ఏ వాడవారు ఆ వాడవారితోనే కలియుట, ఒక పేటవారి బియ్యము ఆ పేటకే చాలుననుకొనుట వినవచ్చుచునేయున్నది. ఒకే బల్లయొద్ద ప్రభుభోజనము తీసికొనువారు ఒకరి పెండ్లి పందిటిలో నొకరు భుజింపకున్నచో, ఆ బియ్యమును ఒక్క రాశిగా పోసిన ఫలమేమి?

ఈ ప్రాంతమున పొరుగు ఎవరో పరీక్షించుటకు ప్రకృతియే వచ్చుచుండును. 1984 నవంబరులో శ్రీహరికోట యొద్ద తీరము దాటిన తుపాను వందలాది ప్రాణములను బలిగొన్నది. 2015 నవంబరు వానలకు గూడూరు ప్రాంతమున జాతీయరహదారి మీదుగా నీరు పారి రాకపోకలు స్తంభించినవి. అట్టి దినములలో మొదట కొట్టుకొనిపోవునది చెరువు గట్టున కావలి కాయు యానాది కుటుంబపు గుడిసె. ఆ యిల్లాలి పేరు ఏ సంఘపు పుస్తకమునను లేకపోవచ్చును. ఆమె పిల్లల పొయ్యి వెలుగక మూడుదినము లైనచో, పిడికెడు బియ్యపు కుండ ఎవరికొరకు నిండినదో ఆనాడు తేలును.

తనకు మాలిన ధర్మము మొదలు చెడ్డ బేరమని మన పెద్దలు చెప్పిరే యని కొంద రనవచ్చును. ఆ మాట సత్యమే. అందుచేతనే పిడికెడు. అప్పుచేసి చేయు అన్నదానము ఒకనాటి పండుగతో ముగియును. పిడికెడు ఎవరి మొదలును చెరుపదు, ఏండ్ల తరబడి సాగును. చిన్నమొత్తము, నిత్యనియమము, పదుగురి కూడిక అను ఈ మూటికిగల బలమును నెల్లూరు జిల్లా స్త్రీలు లోకమునకు చూపినారు. 1992లో దూబగుంట స్త్రీలు రోశమ్మగారు ముందు నడువ సారాపై తిరుగబడగా, 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. ఆ యుద్యమపు వెంటనే దినమునకొక రూపాయి చొప్పున దాచుకొను పొదుపులక్ష్మి సంఘములు ఆ జిల్లాలోనే మొలకెత్తినవి. రూపాయి దాచుట తన యింటికొరకు, పిడికెడు దాచుట పొరుగింటికొరకు. రెంటికిని అలవా టొక్కటే.

కావున నా మనవి యిది. సంఘపు కుండలో చేరిన బియ్యములో నాల్గవభాగమైనను పొరుగువారి భాగమని ముందుగనే వేరుపరుపవలెను. అది మతము నడుగక, కులము నడుగక, పేట నడుగక ఆకలి యున్న యింటికి పోవలెను. పంచిపెట్టునపుడు పేర్లు చదువుట, పటములు తీయించుట, మైకులో చాటుట కూడదు. స్త్రీల సమాజమునుండి ఇద్దరు, ఇరుగుపొరుగు పోయిన రీతిగనే పోయి, కొంతసేపు కూర్చుండి, క్షేమమడిగి, సంచి యచ్చట నుంచి రావలెను. బాలెంతరాలున్న యిల్లు, భర్త మంచము పట్టిన యిల్లు, పీనుగ లేచి పొయ్యి వెలిగించుకొనలేని యిల్లు ఏదియో వాడలోని స్త్రీలకంటె ఎవరికి బాగుగ తెలియును?

మరియొక్క మాట. పుచ్చుకొనువారినికూడ ఇచ్చువారిలో చేర్చవలెను. దేవాలయపు కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలినే క్రీస్తు మెచ్చెను గదా. సహాయము పొందిన యిల్లాలు కష్టము తీరిన పిమ్మట, నాలుగు గింజలైనను సరే, కుండలో వేయునట్లు పిలువవలెను. అప్పుడు మరల అక్కర వచ్చిననాడు సంచి తెచ్చిన స్త్రీ, "అక్కా, ఇందులో నీ పిడికెడును కలదు," అని చెప్పగలుగును. ఆ మాట విన్న యామె కన్ను దించుకొనవలసిన పని యుండదు.

ఈ పద్ధతి క్రైస్తవ సోదరీమణులదే యైనను, కుండ మాత్రము ప్రతి వంటింటను ఉన్నదే. ఏ మతపు ఇల్లాలైనను, రేపు బియ్యము కొలుచునపుడు, ఎసట పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరుగా నుంచి చూడుడు. నెల తిరుగునప్పటికి అది యెవరి యింటికి పోవలెనో మీకే తెలియును. ఎదురింటి పొయ్యిపై పొగ లేచినదా లేదా యని చూచు కన్ను ఆలోగా మీకు అలవడియుండును.