అక్క అమ్మింది బుల్లెట్‌ని, బావగారిని కాదు

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని సామెత. అమ్మేది ఆడవాళ్లయితే, అందులోనూ భర్త పోయిన ఆడవాళ్లయితే, అడవి కూడా కాదు, ఉచితం అనుకుంటారు జనం. మా పెద్దక్క బుల్లెట్ అమ్మినప్పుడు కళ్లారా చూశాను.

బావగారు 2023 జనవరిలో పోయారు. ఆయన బండి 1996 మోడల్ బుల్లెట్, 350 సీసీ, నల్లరంగు, టాంకు మీద బంగారు గీతలు. ఆ గీతలు మిషనుతో వేసినవి కావు, మద్రాసు ఫ్యాక్టరీలో చేత్తో గీస్తారు అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవారు. విన్నవాళ్లకి మళ్లీ చెప్పేవారు. 2024 చివర్లో అక్క ఆ బండిని అమ్మింది. అమ్మడానికి పది రోజులు పట్టింది. మా చుట్టాలు ఆ విషయం ఇంకా వదల్లేదు.

అక్క మరిది ఒక ఆదివారం వచ్చాడు. "అన్నయ్య ప్రాణమంతా ఆ బండి మీదే కదా వదినా, అమ్మాలని మీకు మనసెలా ఒప్పుతోంది?" అన్నాడు. కాఫీ తాగాడు. గ్లాసు కింద పెట్టేలోపే, "అయినా పాత ఇనుమే కదండీ, పదిహేనేళ్లు దాటితే గవర్నమెంటే తుక్కు కింద తీసుకుపోతుంది. మావాడు కాలేజీకి వేసుకెళ్తాడు, ఇచ్చేయండి" అన్నాడు. అమ్ముతానంటే అది అన్నయ్య ప్రాణం, ఊరికే ఇవ్వమన్నప్పుడు పాత ఇనుము! రెండూ ఒక్క గ్లాసు కాఫీలో ఎలా ఇమిడాయో నాకిప్పటికీ అర్థం కాదు.

ముందు ఆ పదిహేనేళ్ల మాట తేల్చుకుందాం, చాలామంది ఆడవాళ్లని ఇదే చెప్పి భయపెడతారు. సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకి ఇస్తారు. తర్వాత బండిని చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. ఢిల్లీ చుట్టుపక్కల పెట్టిన ఆంక్షలు వేరు, మన రాజమండ్రికి వాటితో పనిలేదు. బావగారు 2011లో, 2016లో, 2021లో వరసగా రెన్యువల్ చేయించారు. ఆ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి.

ఇక జ్ఞాపకం సంగతి. పెద్దమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుకి మా అమ్మ పెట్టిన కాసులపేరు అమ్మినప్పుడు, అది అమ్మ జ్ఞాపకం కదా అని ఒక్కరూ అనలేదు. బంగారం ఎందుకుంది, అవసరానికే కదా అన్నారు. ఆడవాళ్ల వస్తువైతే అవసరానికి, మగవాళ్ల వస్తువైతే జ్ఞాపకానికి. ఈ లెక్క ఎవరు రాశారో గానీ మనందరికీ కంఠతా వచ్చు.

బండి బీరువాలో దాచుకునే పట్టుచీర లాంటిది కాదు. పట్టుచీరైనా మడతలు మారుస్తూ ఉండాలనుకోండి. కవరు కప్పి పోర్టికోలో వదిలేస్తే కార్బురేటర్‌లో పెట్రోలు జిగురై కూర్చుంటుంది. టాంకు లోపల తుప్పు పడుతుంది. బ్యాటరీ దిగిపోతుంది. ఒకేచోట నిలబడి టైర్లు పగుళ్లిస్తాయి. ఆయన గుర్తుగా ఉంచుకుందాం అనుకున్న వస్తువు ఐదేళ్లలో ఆయన చూస్తే బాధపడే స్థితికి వస్తుంది. అక్క దాన్ని అలా వదల్లేదు. బావగారి మెకానిక్ భాయ్ ప్రతి ఆదివారం వచ్చి స్టార్ట్ చేసి, గోదావరి గట్టు దాకా తిప్పి తెచ్చేవాడు. అతనికి డబ్బు, పెట్రోలు, ఇన్సూరెన్సు, అన్నీ పింఛనులోంచే. దాదాపు రెండేళ్లు అలా నడిపాక అక్క ఒకరోజు నాతో అంది: "దీన్ని తిరగడానికి కొన్నారే. ఇప్పుడు దీన్ని బతికించడానికి తిప్పుతున్నాను."

ఆ బండి నిజంగానే తిరిగింది. వెనక సీటు మీద అక్క, రెండు పక్కలా బ్యాగులు, క్యారియర్ మీద తాడుతో కట్టిన దుప్పట్లు. అరకు ఘాట్ ఎక్కారు, శ్రీశైలం వెళ్లారు, ఒకసారి కన్యాకుమారి దాకా వెళ్లొచ్చారు, పోనే 1,300 కిలోమీటర్ల పైమాట. 160 కిలోల పైచిలుకు బరువు కాబట్టి పక్కన లారీ దూసుకుపోయినా ఊగదని, అరవైలో పెడితే రోజంతా అదే చప్పుడుతో పోతుందని అక్కే చెప్పేది. ఆ చప్పుడులో ఏ తేడా వచ్చినా బావగారికన్నా ముందు తనే పట్టేది. వెనక కూర్చునేవాళ్లకి రోడ్డు చూసే పని లేదుగా, వినడమే పని.

ఇంకో సంగతి, బావగారు ఒక నోటు పుస్తకం రాసేవారు. ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఆయిలు మార్చారు, ట్యాపెట్లు ఎప్పుడు సెట్ చేయించారు, పాయింట్లు, చైను, క్లచ్ ప్లేట్లు, ఏ తేదీన ఎంత అయింది, అన్నీ. మొత్తం నాలుగు పుస్తకాలు. జాగ్రత్తగా చూసుకున్న బండికి, రంగు వేయించి మెరిపించిన బండికి తేడా తెలిపేవి ఆ పుస్తకాలే. ఇల్లు శుభ్రంగా ఉంచితే ఎవరికీ కనపడదు, ఒకరోజు ఊడవకపోతే అందరికీ కనపడుతుంది కదా. బండి సంరక్షణ కూడా అంతే, రాసి పెట్టకపోతే దానికి విలువ కట్టేవాళ్లు ఉండరు.

మొదట వచ్చిన బ్రోకరు బండి చుట్టూ ఒకసారి తిరిగి 35,000 అన్నాడు. అక్క పుస్తకాలు తెచ్చి ముందు పెట్టింది. తెరవలేదు. "ఇవన్నీ ఎవరు చూస్తారమ్మా" అన్నాడు. చూసేవాళ్లకే అమ్ముతానని పంపించేసింది. నిజానికి ఈ పాత రకం బుల్లెట్‌కి గిరాకీ ఉంది. పోత ఇనుము ఇంజను, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు, కిక్కు కొట్టే ముందు యాంమీటర్ ముల్లు మధ్యకి తెచ్చుకోవడం. ఈ ఇంజను తయారీ 2010 ప్రాంతంలో ఆపేశారు. కొత్తగా తయారుకాని వస్తువు, నడిచే స్థితిలో ఉన్నది, పాత ఇనుము ఎలా అవుతుంది? అక్క లక్షా ఇరవై వేలు చెప్పింది. అంత ఎక్కువ చెప్పకే, పోతుందో పోదో అన్నాను నేను. "పోకపోతే ఆదివారం భాయ్ వస్తాడుగా" అంది.

కాకినాడ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, వాళ్ల నాన్నని తీసుకుని. ముందు సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి చూశాడు, చల్లగా ఉందా లేదా అని. అమ్మేవాళ్లు కొందరు ముందే ఇంజను వేడి చేసి పెడతారట, చల్లటి ఇంజను మీద బయటపడే లోపాలు కనిపించకుండా. చల్లగానే ఉంది. రెండో కిక్కుకి అందుకుంది. తర్వాత ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీతో సరిచూసుకున్నాడు. అప్పుడు నోటు పుస్తకాలు తీసి అరుగు మీద కూర్చుని గంటసేపు చదివాడు. ఆ గంటలోనే బేరం అయిపోయిందని నా అభిప్రాయం.

నడిపి చూస్తానంటే మాత్రం అక్క రోడ్డు మీదికి పంపలేదు, వెనక ఖాళీ స్థలంలో తిప్పమంది. నాకు అతి జాగ్రత్త అనిపించింది గానీ మెకానిక్ భాయ్ కారణం చెప్పాడు. ఇప్పటి బళ్లకి కుడికాలు బ్రేకు. అలవాటులో కంగారుపడి కుడికాలు నొక్కితే ఇందులో గేరు మారుతుంది, బండి ఆగదు. కొనేవాడి కాలు విరిగితే ఆ పాపం ఎవరికి?

బేరం 1,12,000కి తెగింది.

కాగితాల దగ్గర మాత్రం అక్కలాగే అందరూ మొండిగా ఉండాలంటాను. బండి చనిపోయిన మనిషి పేరు మీద ఉంటే నేరుగా అమ్మడానికి లేదు. యజమాని పోయిన 30 రోజుల్లో ఆర్టీఓ ఆఫీసులో తెలియజేయాలి, మూడు నెలల్లోపు ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టుకోవాలి. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం జతచేయాలి. ఆ దుఃఖంలో ఇవి ఎవరికి గుర్తుంటాయి? అక్క చిన్నమ్మాయి గుర్తుపెట్టుకుని చేయించింది కాబట్టి సరిపోయింది. 2021 నుంచి ఆర్‌సీలో నామినీ పేరు రాయించుకునే వీలు కూడా వచ్చింది. మీ ఇంటి బండికి ఉందేమో ఈ రాత్రి అన్నాలయ్యాక అడగండి. అశుభం మాట్లాడుతున్నావంటే, ఇన్సూరెన్సు కట్టడం కూడా అశుభమేనా అనండి.

తన పేరు మీదికి వచ్చాక అమ్మకానికి ఫారం 29, ఫారం 30. అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో తెలియజేయాలి. సంతకాలు పెట్టి ఇచ్చేస్తాం, వాళ్లే మార్చుకుంటారులే అనుకోవడం చాలా ఇళ్లలో అలవాటు. బండి చేతులు మారినా రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మనకి తెలియని ఊళ్లో, మనకి తెలియని వాడు గుద్దితే, నోటీసు మన గుమ్మంలోకి వస్తుంది. మరిదికి ఊరికే ఇవ్వకపోవడానికి అసలు కారణం కూడా ఇదే. ఆ కుర్రాడికి లైసెన్సు లేదు, బండి మాత్రం అక్క పేరు మీదే ఉండేది.

పేరు మారినట్టు చూపించాకే అక్క బండి తాళం ఇచ్చింది. డబ్బు ముందే బ్యాంకులో పడింది, తన ఒక్కదాని పేరు మీద. నోటు పుస్తకాలు బండితోపాటే పంపింది. ఒక్కటైనా ఉంచుకోవే అన్నాను. "ఆయిలు లెక్కలు నాకెందుకే, బండి ఉన్నవాడికి కావాలి" అంది.

కుర్రాడు బండెక్కబోతూ, "సైడు బ్యాగులు కూడా ఇచ్చేయండి ఆంటీ, మీకేం పని" అన్నాడు.

"అవి తోలువి బాబూ, వాటి రేటు వేరే" అంది అక్క. పదిహేను వందలిచ్చి పట్టుకెళ్లాడు.