వినేది ఎవరో తెలిస్తే

బెంగళూరు కుందలహళ్ళిలో నిశ్శబ్దం దొరకడం కష్టం. ఏఈసీఎస్ లేఅవుట్ వైపు ఏ సందులోకి వెళ్లినా ఏదో ఒక భవనం లేస్తూనే ఉంటుంది. తెల్లారితే నీళ్ల ట్యాంకర్లు, పగలంతా డ్రిల్లింగ్ మిషన్లు, నెత్తిమీద హెచ్ఏఎల్ నుంచి లేచే విమానాలు, రాత్రయితే కుక్కలు. ఇలాంటి చోట తలుపులు బిగించి, ఫ్యాను ఆపేసి, బీరువా తెరిచి వేలాడే బట్టలకు ఎదురుగా మైకు పెట్టుకుని తెలుగులో పాడ్‌కాస్టులు చేసే పిల్లలు కొందరు నాకు తెలుసు. అందరూ ఉద్యోగస్తులే. వాళ్లలో చాలామంది ఆరేడు ఎపిసోడ్లు దాటకముందే ఆగిపోవడం కూడా చూశాను. చెప్పడానికి విషయం లేక ఎవరూ ఆగలేదు. ఓపిక అయిపోయి ఆగారు.

‘పాజిటివ్‌గా ఉండు’ అని వాళ్లకు అందరూ చెప్తారు. ఆ మాట వల్ల ఒరిగేది తక్కువ. ఎవరితో మాట్లాడుతున్నామో తెలిసి ఉండాలి, చేసే పని ఒళ్లు హూనం చేయకుండా ఉండాలి. ఈ రెండూ కుదిరితే ఉత్సాహం దానంతటదే నిలుస్తుందని నా నమ్మకం. అందుకు నాకు తెలిసినంతలో గొప్ప ఉదాహరణ జహీరాబాద్ దగ్గర మాచునూరులో ఉంది.

పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు తమకంటూ ఒక రేడియో కావాలనుకున్నాయి. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. యునెస్కో సాయంతో 1990ల చివరికి మాచునూరులో స్టూడియో తయారైంది. అయితే ప్రసారానికి లైసెన్సు రాలేదు. స్వచ్ఛంద సంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చని ప్రభుత్వం అనుమతించింది 2006లో. సంఘం రేడియో 90.4 మీద పలికింది 2008 అక్టోబరు 15న. అంటే సుమారు పదేళ్లు గాలిలోకి పోయే దారే లేదు.

ఆ పదేళ్లూ వాళ్లు రికార్డు చేస్తూనే ఉన్నారు. చిరుధాన్యాల సాగు, విత్తనాలు దాచుకునే పద్ధతి, పశువుల జబ్బులు, బతుకమ్మ పాటలు, ఇంటి వైద్యం, అన్నీ తమ మాటల్లోనే. ఆ టేపుల్ని సంఘం సమావేశాలకు పట్టుకెళ్లి టేప్ రికార్డర్‌లో వేసి వినిపించేవాళ్లు. విన్నవాళ్లు అక్కడికక్కడే బాగుందో బాగాలేదో చెప్పేవాళ్లు. జనరల్ నర్సమ్మ, అల్గోలు నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు ఆ స్టేషన్‌ను నడిపారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు పి.వి. సతీష్ మైసూరులో పుట్టినవారు, దూరదర్శన్‌లో పనిచేసి వచ్చినవారు. 2023 మార్చిలో పోయారు. కన్నడ నేల మీద కూర్చుని తెలుగులో మాట్లాడాలనుకునేవాళ్లు ఆయన పేరు గుర్తుంచుకోవాలి.

రికార్డు చేసి పెట్టి, వినేవాళ్లకు వీలైనప్పుడు వినిపించడమే గదా పాడ్‌కాస్ట్ అంటే! ఆ పేరు 2004లో ఇంగ్లండ్‌లో ఒక పత్రికా వ్యాసంలో పుట్టింది. మాచునూరు ఆడవాళ్లు అంతకు ముందునుంచే ఆ పని చేస్తున్నారు. లైసెన్సు లేని పదేళ్లూ వాళ్లను నిలబెట్టిందేమిటని ఆలోచిస్తే నాకు కనిపించేది ఒకటే. వినే మనిషి వాళ్ల ఎదురుగా చాపమీద కూర్చుని ఉంది.

మా అపార్ట్‌మెంట్‌లో కదిరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ల అవ్వ చేతా, ఊళ్లో పెద్దవాళ్ల చేతా చెనిక్కాయ పంట గురించి, కరువు సంవత్సరాల గురించి, బెంగళూరుకు కూలికొచ్చిన రోజుల గురించి చెప్పించి పాడ్‌కాస్ట్‌గా పెడుతుంది. ఒక ఆదివారం లిఫ్ట్ దగ్గర కలిసినప్పుడు, “యాభైమంది గూడా వినలేదన్నా, ఇంగ చాలిస్తా” అంది. ఫోను తీసి లెక్కలు చూపించింది. డౌన్‌లోడ్ల కింద ఇంకో గీత ఉంది, ఎంతమంది ఎంతవరకు విన్నారో చెప్పేది. విన్నవాళ్లలో ఎక్కువమంది చివరిదాకా ఉన్నారు. అరగంటసేపు ఒక ముసలావిడ కరువు గురించి చెప్తుంటే లేచిపోకుండా విన్నారు. ఆ గీతను ఆ అమ్మాయి అప్పటిదాకా పట్టించుకోలేదు.

డౌన్‌లోడ్ అంకెను నమ్ముకుని సంతోషపడకూడదు, కుంగిపోకూడదు. 2023 సెప్టెంబరులో ఆపిల్ తన ఐఓఎస్ 17లో ఎపిసోడ్లు వాటంతటవే దిగే పద్ధతిని మార్చింది. దాంతో ప్రపంచంలోని పెద్దపెద్ద పాడ్‌కాస్టుల డౌన్‌లోడ్లు కూడా పడిపోయాయి. వినేవాళ్లు ఎక్కడికీ పోలేదు, లెక్కపెట్టే తీరు మారింది. అమెరికాలో ఉంటూ ‘కౌముది’ వెబ్ పత్రిక నడిపే కిరణ్ ప్రభ గారి టాక్ షోలైనా, కథల్నీ రచయితల మాటల్నీ వినిపించే ‘హర్షణీయం’ అయినా ఓపిగ్గా ఒక్కో శ్రోతను కూడగట్టుకున్నవే. వినడానికి తీరిక మన పర్పుల్ లైన్ మెట్రోలోనే ఉంది. కుందలహళ్ళి స్టేషన్లో ఎక్కి మెజెస్టిక్‌లో దిగేలోపు ఒక ఎపిసోడ్ హాయిగా అయిపోతుంది. ఆ పెట్టెలో తెలుగువాళ్లకు కొదవా?

ఇక సాధనాల సంగతి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఖరీదైన కండెన్సర్ మైకు కొని మోసపోతుంటారు. అది సున్నితమైనది, గదినంతా పట్టుకుంటుంది. స్టూడియోలో బంగారం, కుందలహళ్ళిలో గుదిబండ. ఇక్కడ డైనమిక్ మైకే మేలు. నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకుంటే మన గొంతును పట్టుకుని, వీధిని చాలావరకు వదిలేస్తుంది. అదీ కొనలేకపోతే కాలర్‌కు తగిలించుకునే చిన్న మైకు, ఫోను చాలు.

రికార్డింగ్ మొదలెట్టగానే పది సెకన్లు నోరు మెదపకుండా కూర్చోవాలి. ఇది నేను అందరికీ చెప్పే మాట. 2000 నుంచి ఉచితంగా దొరుకుతున్న ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ పది సెకన్ల ముక్కను ఎంచి ‘ఇదీ నా గది చప్పుడు’ అని చూపిస్తే, మిగతా రికార్డింగ్ అంతటా ఆ హోరును అదే తగ్గిస్తుంది. ఫ్రిజ్ మోత, పక్కింటి ఏసీ మోత ఇలా పోతాయి. కుక్క మొరిగితే మాత్రం పోదు. ఆ వాక్యం మళ్లీ చెప్పుకోవాల్సిందే. గొంతుల హెచ్చుతగ్గులు సరిచేయడానికి ఆఫోనిక్ అనే వెబ్ సర్వీసు ఉంది, నెలకు రెండు గంటలు ఊరికే చేసిపెడుతుంది. రాత్రి పదకొండుకు ఆఫీసు కాల్ ముగించి కూర్చునే మనిషికి ఈ రెండూ చేసే సాయం ఇంతా అంతా కాదు. మిగిలిన ఓపికే వచ్చే వారం ఎపిసోడ్ అవుతుంది.

ఏఐతో గొంతును కడిగి పెట్టే సాధనాల విషయంలో మాత్రం నాకు పట్టింపు ఉంది. అడోబీ వాళ్ల ఎన్‌హాన్స్ స్పీచ్ లాంటివి హోరులో కూరుకుపోయిన మాటను పైకి తీస్తాయి, అవసరపడ్డప్పుడు వాడుకోవచ్చు. అయితే ఆ కదిరి అవ్వ మాటల వెనక కోడి కూత ఉంది, రోలు చప్పుడు ఉంది, మధ్యలో ఆమె ఆగి ఊపిరి పీల్చుకోవడం ఉంది. పూర్తి మోతాదులో వాడితే అవన్నీ పోయి, ఆమె ఏ ఊరిదో తెలియని గొంతు మిగులుతుంది. ఆ అమ్మాయికి అదే చెప్పాను, మోతాదు తగ్గించమని. తగ్గించింది కూడా. మాటను తెలుగులో రాసిపెట్టే సాధనాలు ఇప్పుడు బాగానే ఉన్నాయి గానీ రాయలసీమ యాస దగ్గర తడబడతాయి, చేత్తో దిద్దుకోవాలి.

అసలు రికార్డింగులు మన దగ్గరే రెండు చోట్ల దాచుకోవాలి. గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతబడింది. స్పాటిఫై 2019లో కొన్న యాంకర్ అనే పాడ్‌కాస్ట్ సర్వీసు ఇప్పటికి రెండుసార్లు పేరు మార్చుకుంది. మన ఫీడ్‌ను ఇంకోచోటికి తీసుకెళ్లే వీలు ఇచ్చే సర్వీసునే ఎంచుకోవాలి. ఆ అవ్వ చెప్పిన కరువు ఇంకెవరూ చెప్పలేరు గదా.

ఇదంతా ఒంటరిగా చేయడంలోనే మనిషి అలసిపోతున్నాడు. ఇక్కడి పెద్ద అపార్ట్‌మెంట్లన్నింటిలో క్లబ్‌హౌస్ ఉంటుంది, అందులో ఏడాదంతా తాళం వేసి ఉండే గది ఒకటి ఉంటుంది. దానికి మందపాటి కర్టెన్లు, నేలమీద జంపఖానా, ఒక డైనమిక్ మైకు, గంట చొప్పున పేరు రాసుకునే పుస్తకం ఏర్పాటు చేయడానికి ఒక ఉగాది వేడుక ఖర్చులో చిన్న భాగం చాలు. తెలుగైనా, కన్నడమైనా, తమిళమైనా ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకుంటారు. వయాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి లాంటి పెద్ద సంస్థలు పూనుకుంటే ఊరంతటికీ పనికొస్తుంది. మా అసోసియేషన్ వచ్చే సమావేశానికి ఈ ప్రతిపాదన రాసి ఇచ్చాను. మీరూ మీ అసోసియేషన్‌కు రాసి ఇవ్వండి.