కాశీకి పోని నాయిక

మన విమర్శకులకు దుఃఖాంతమంటే ఉన్న గౌరవం ఇంతా అంతా కాదు. నాయకుడు తాగి తాగి ప్రియురాలి వాకిట ప్రాణం విడిస్తే అది కళ. భర్తను పోగొట్టుకొన్న స్త్రీ కొన్నాళ్లకు తేరుకొని, మరొకరి మీద మనసు పడి, పొయ్యి వెలిగించుకొని, నవ్వుతూ బ్రతికితే అది కాలక్షేపపు నవల. ప్రేమ వల్ల శోకం మానడమనే ఇతివృత్తం వారపత్రికల సరుకనీ, మధ్యాహ్నం పనులు తీరిన ఆడవారి కోసం పుట్టినదనీ పెద్దలు ఏనాడో తేల్చివేశారు. ఈ తీర్పు సాహిత్య విచారణ వల్ల పుట్టినది కాదని నా వాదం. అది మన ఇళ్లలో నుంచి వచ్చింది.

ఈ మాట రుజువు చేయడానికి కొంచెం వెనుకకు పోవలసి ఉంటుంది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కృషి ఫలితంగా హిందూ వితంతువుల పునర్వివాహానికి 1856లో శాసనం అనుమతి ఇచ్చింది. నవల మాత్రం ఇవ్వలేదు. 1873లో వచ్చిన బంకించంద్రుని ‘విషవృక్షం’లో కుందనందిని అనే బాలవితంతువుకు పెళ్లి జరిగిన మాట నిజమే, కాని ఆమెకు చివరకు దక్కినది విషం. 1878 నాటి ‘కృష్ణకాంతుని వీలునామా’లో వితంతువైన రోహిణి తాను నమ్మి వెంట వెళ్లినవాని తుపాకికే బలి అయింది. రవీంద్రుడు వీరికంటె ఎంతో మృదుహృదయుడు. 1903లో వెలువడిన ‘చోఖేర్ బాలి’లో వినోదినిని చంపలేదు, బిహారి పెళ్లాడతానన్నా ఆమె చేత కాదనిపించి కాశీకి పంపాడు. శరత్ బాబు ‘పల్లీసమాజం’లో రమకూ కాశీయే గతి. వంగదేశపు నవలలో వితంతువులకు కాశీ ఒక క్షేత్రం కాదు, కథ ఎటూ తెగనప్పుడు రచయిత ఎక్కించే రైలు. (మన బుచ్చమ్మ కూడా చివరకు పూనాలోని శరణాలయానికే ప్రయాణం కట్టింది గదా అంటారేమో. గిరీశం వంటి వరుని నుంచి తప్పించడానికి పూనా మేలే!)

ఇంతకంటె చిత్రం మరొకటి ఉంది. కుమారుడు రథీంద్రునికి రవీంద్రుడు 1910లో పెళ్లి చేసినది ప్రతిమాదేవి అనే బాలవితంతువుతో. ప్రేమ్‌చంద్ 1906లో తానే బాలవితంతువైన శివరానీదేవిని పెళ్లాడాడు. మరుసటి ఏడు వచ్చిన ‘ప్రేమా’ అనే నవలలో అమృతరాయ్ చేత వితంతువైన పూర్ణను పెళ్లి చేసుకొనేట్లు చేశాడు. కాని ఇరవై ఏళ్ల తరువాత అదే కథను ‘ప్రతిజ్ఞ’గా తిరగరాసినప్పుడు ఆ పెళ్లి ఎగిరిపోయింది, పూర్ణ శరణాలయంలో తేలింది. తమ ఇంటి వాకిలి వితంతువుకు తెరిచిన మహానుభావులే తమ నవల తలుపు ఎందుకు మూశారు? ఇంట్లో వారు మనుషుల మధ్య ఉన్నారు. నవలలో ఆదర్శాల మధ్య ఉన్నారు. తేరుకొనే స్త్రీకి ఆ ఆదర్శాలలో చోటు లేదు.

సమాజం ఎట్లా ఉంటే నవల అట్లా ఉంటుంది, రచయిత ఏం చేస్తాడని ఒక సమాధానం వినబడుతుంది. సమాజమంటే ఎవరు? రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు అట్టుడికినట్లు ఉడికింది. నిజమే. కాని అదే గోదావరి గట్టున, అదే రోజులలో, కష్టజీవులైన ఎన్నో కులాలలో మారుమనువు అన్నది రివాజే. దానికి శాసనం అక్కరలేకపోయింది, సంస్కర్తా అక్కరలేకపోయాడు. ఇంట్లో పెద్దలు నలుగురు కూర్చొని మాట్లాడుకొనేవారు, అంతే. నవల దేశమంతటి నీతిగా చెప్పినది కొన్ని కులాల నీతిని మాత్రమే.

ఈ సంగతి నాకు తెలిసివచ్చినది పుస్తకాల వల్ల కాదు, ఒక మాటకు తెలుగు దొరకక. రాజిందర్ సింగ్ బేదీ ఉర్దూ నవల ‘ఏక్ చాదర్ మైలీ సీ’ 1962లో వచ్చింది. 1965లో దానికి సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. హిందీ ప్రతి నుంచి కొన్ని పుటలు తెలుగు చేయడానికి కూర్చున్నాను. పంజాబు పల్లెలలో అన్న పోతే వదినెకు మరిది చేత చాదరు కప్పించే ఆచారం ఉంది, అదే పెళ్లి. ‘దుప్పటి కప్పించారు’ అని రాస్తే తెలుగువాడికి నిద్ర గాని శవం గాని స్ఫురిస్తుంది. ‘పునర్వివాహం’ అని రాశాను. సంఘసంస్కరణ కరపత్రంలాగా కంపించింది. చివరకు ‘మారుమనువు’ అని రాస్తే పండితుడైన ఒక మిత్రుడు చదివి, మోటుగా ఉంది, మార్చమన్నాడు. మార్చలేదు. ఆ మోటుతనమే కథ.

అందులో నాయిక రానో. మగడు తిలోకా ఎక్కాబండి తోలేవాడు, తాగివచ్చి కొట్టేవాడు, హత్య అయ్యాడు. కొడుకులాగా పెంచిన మరిది మంగళ్‌ను పెళ్లాడమని ఊరు పట్టుబట్టింది. ఆమెకు సిగ్గు, అతనికి రోత. పారిపోయినవాణ్ణి కొట్టి ఈడ్చుకొనివచ్చి మరీ ఆ చాదరు కిందికి తోశారు. ఇటువంటి మొదలు నుంచి ప్రేమ పుట్టించడం విషాదాంతం రాసినంత సులభం కాదు. చంపడానికి ఒక పుట చాలు. తేరుకొనడానికి రోజులు గడవాలి; పిల్లలు అన్నం అడగాలి; అత్తగారు తిట్టాలి; మాట్లాడుకోని ఇద్దరి మధ్య ఒకనాడు ఒక మాట పడాలి. బేదీ వీటిలో దేనినీ ఎగవేయలేదు. తనను కొట్టినవాడి కోసం రానో గుండె బాదుకొని ఏడ్చింది. పోయినవాడి మంచితనాన్ని కొలిచి ఏడ్చేవారెవరు?

ఇక్కడ నేను ఎవరి పక్షాన మాట్లాడుతున్నానో వారితోనే నాకు పేచీ ఉంది. మన ప్రేమనవలలలో అనేకం ఈ పరీక్షకు నిలవవు. రెండవ ప్రేమకు పాఠకుడు అభ్యంతరం చెబుతాడేమోనన్న బెదురుతో రచయితలు మొదటి భర్తను దుర్మార్గుణ్ణి చేస్తారు, లేదా పెళ్లిపీటల మీదనే చంపివేస్తారు. ఎంత జాగ్రత్త! నాయిక వితంతువు కావాలి, భార్య అయి ఉండరాదు. బేదీ కూడా తిలోకాను తాగుబోతును చేశాడు గదా అనవచ్చు. చేశాడు, కాని అతని లోటును ఆ ఇంట్లో మిగిల్చాడు. చౌక నవలలో మూడవ ప్రకరణానికల్లా పటం గోడ మీద నుంచి దిగుతుంది, కొత్త నాయకుడు కారు దిగుతాడు. ప్రేమను వైద్యుని చీటీలాగా రాసిచ్చే ఈ పద్ధతి, కాశీకి టికెట్టు కొనిచ్చే పద్ధతికి తోబుట్టువే. రెండింటికీ ఆమె దుఃఖంతో పని లేదు, దానిని ఎట్లా వదిలించుకొందామన్నదే తొందర. అట్లాంటి పుస్తకాన్ని తిట్టండి, నేనూ తిడతాను. కాని ఆ తిట్టు పుస్తకానికి తగలాలి, ఆ కోరికకు తగలరాదు.

మా పెద్దమ్మకు 22వ ఏట భర్త పోయాడు. శరత్ బాబును తెలుగులో చదివి కంఠస్థం చేసిన తరం ఆమెది. ‘బడదీదీ’ కథతో 1961లో ‘బాటసారి’ చిత్రం వచ్చినప్పుడు మూడుసార్లు చూసిందట. మాధవిని గురించి ఇప్పటికీ పక్కింటి పిల్లను గురించి చెప్పినట్లు చెబుతుంది. బేదీ పుటలు తెలుగు చేస్తున్న రోజులలో ఒక సాయంకాలం ఆమెకు చదివి వినిపించాను. చాదరు కప్పిన ఘట్టం దాకా చదివి, ఆమెకు కష్టం కలిగించానేమోనని ఆగాను. చాలాసేపు ఏమీ అనలేదు.

“ఆ మరిది తరవాత ఎప్పుడైనా ఆ పిల్లతో మంచిగా మాట్లాడాడా, నాయనా?” అని అడిగింది.

మాట్లాడాడని చెప్పాను.

“అయితే ఆపుతావేం? చదువు.”