పంట వ్యర్థాల నుంచి కార్బన్ ఫైబర్: అవకాశాలు, పరిమితులు

ప్రత్యేక వ్యాసం

ఉక్కుతో పోల్చితే కార్బన్ ఫైబర్ సాంద్రత నాలుగో వంతు కంటే తక్కువ; దృఢత్వం మాత్రం అధికం. విమానాల్లో, పవన విద్యుత్ యంత్రాల రెక్కల్లో దీని వినియోగం స్థిరపడినప్పటికీ, అధిక ధర కారణంగా సాధారణ వాహనాల తయారీలో విస్తృతంగా ప్రవేశించలేకపోయింది.

నిజానికి తొలి కార్బన్ పోగులు మొక్కల నుంచి వచ్చినవే. 1879–80లో థామస్ ఎడిసన్ తన విద్యుద్దీపాలకు నూలు దారాన్ని, తర్వాత వెదురు నారను బొగ్గుగా మార్చి వాడారు. నేడు 90 శాతానికి పైగా కార్బన్ ఫైబర్‌కు పాలీయాక్రిలోనైట్రైల్ ఆధారం. దీని మూలపదార్థమైన యాక్రిలోనైట్రైల్‌ను ప్రధానంగా ప్రొపిలీన్ నుంచి తయారు చేస్తున్నారు. కార్బన్ ఫైబర్ ఉత్పత్తి వ్యయంలో దాదాపు సగం ఈ ముడి పోగుదే కావడం గమనార్హం.

ఈ నేపథ్యంలో అమెరికా ఇంధన శాఖ 2014లో రెండు పరిశోధన ప్రాజెక్టులకు 1 కోటి 13 లక్షల డాలర్ల వరకు కేటాయించింది. ఆహారేతర వృక్ష పదార్థాల నుంచి పౌండుకు 5 డాలర్లు మించని ధరకు కార్బన్ ఫైబర్ తయారు చేయడం లక్ష్యం. వాటిలో ఒకటి చేపట్టిన జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల, 2017లో తన ఫలితాలను ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. మొక్కజొన్న చొప్ప నుంచి తీసిన చక్కెరలను సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. దాని నుంచి పొందిన ఎస్టర్‌ను టైటానియం డయాక్సైడ్ సమక్షంలో అమోనియాతో చర్య జరిపితే యాక్రిలోనైట్రైల్ లభిస్తుంది. దిగుబడి 98 శాతం. ప్రొపిలీన్ పద్ధతిలో అది సుమారు 80 శాతం. పాత పద్ధతిలో ఉపఉత్పత్తిగా వెలువడే విషపూరిత హైడ్రోజన్ సయనైడ్ ఇందులో ఏర్పడదు.

లభించేది అదే రసాయనం కనుక ప్రస్తుత కర్మాగారాలను మార్చవలసిన అవసరం ఉండదు. చౌకగా దొరికే లిగ్నిన్ నుంచి నేరుగా తీసిన పోగులకు ఇప్పటివరకు తగినంత బలం చేకూరలేదు.

అయితే పరిమితులూ ఉన్నాయి. పోగును 1,000 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిలో కర్బనీకరించాలి. ఈ క్రమంలో దాని బరువులో దాదాపు సగం నశిస్తుంది. ఆ విద్యుత్తు బొగ్గు నుంచి వస్తే పర్యావరణ ప్రయోజనం తగ్గుతుంది. తేలికైన, ఎక్కువ స్థలం ఆక్రమించే చొప్పను సేకరించి తరలించే వ్యయం కూడా తక్కువేమీ కాదు.

తెలుగు రాష్ట్రాల్లో మొక్కజొన్న ముఖ్యమైన పంట. ఇక్కడ చొప్ప పశుగ్రాసం కూడా కనుక దానంతటినీ వ్యర్థంగా లెక్కించడం సరికాదు. పశువుల అవసరాలు పోగా మిగిలేది ఎంత, దానికి రైతుకు దక్కే ధర ఎంత అన్నవి తేలిన తర్వాతే ఇటువంటి పరిశ్రమపై నిర్ణయం సమంజసం.