ట్రిమ్మర్‌తో సీఎన్‌సీ: ల్యాబు తాళం ఎవరి దగ్గర?

రాయ్‌పూర్‌లో భన్‌పురి వైపు ఒక చిన్న ఫర్నిచర్ దుకాణం ఉంది. నా పీహెచ్‌డీలో ఒక అధ్యాయం ముందుకు కదిలిందంటే ఆ దుకాణం మిస్త్రీ దగ్గరున్న ట్రిమ్మర్ వల్లే. ప్లైవుడ్ మీద సన్‌మైకా అతికించాక అంచున మిగిలిన ముక్కను కోసే చేతి యంత్రాన్ని ట్రిమ్మర్ అంటారు. గుప్పిట్లో పట్టుకునేంతే ఉంటుంది. దాన్ని ఒక అల్యూమినియం ఫ్రేముకు బిగించి, మూడు దిశల్లో స్టెప్పర్ మోటార్లతో కదిలిస్తే చిన్న సీఎన్‌సీ రౌటర్ తయారవుతుంది. ఇంట్లో సొంతంగా యంత్రాలు కట్టుకునేవాళ్లు ప్రపంచమంతటా ఇదే చేస్తున్నారు. ఇందులో నేను కనిపెట్టిందేమీ లేదు.

నేనెందుకు కట్టుకోవాల్సి వచ్చిందన్నదే ఇక్కడ విషయం. చూపు లేని విద్యార్థులు వేళ్లతో తడిమి చదువుకునే పటాలను, రేఖాచిత్రాలను తక్కువ ఖర్చుతో చెక్క మీద చెక్కడం నా పరిశోధన. నేను చదివే సంస్థలో సీఎన్‌సీ రౌటర్ ఉంది. దాని గదికి తాళం కూడా ఉంది. ఏడు నెలల్లో నాలుగు దరఖాస్తులు పెట్టాను. ‘పాడైతే ఎవరు బాధ్యులు?’ అని అడిగారు. అదే సమయంలో మరో బృందం విద్యార్థులు ఏదో పోటీ కోసం అదే యంత్రం మీద డ్రోన్ ఫ్రేములు కోసుకున్నారు. వాళ్లను బాధ్యత గురించి ఎవరూ అడగలేదు. నేను ఏ ఫెలోషిప్ మీద చదువుతున్నానో ఆ విభాగంలో అందరికీ తెలుసు. ఎవరూ కులం మాట ఎత్తలేదు. ఎత్తే అవసరం కూడా రాలేదు.

మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి రైల్వేలో ఖలాసీగా చేరాడు. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారినే వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో చాలానే ఉన్నాయి. మా ఇంట్లో పనిముట్లకు కొదవ లేదు. యంత్రం వాడటానికి మాత్రం నాకు అనుమతి కావాల్సి వచ్చింది.

ట్రిమ్మర్ సంగతికి వద్దాం. పరిశ్రమల్లో వాడే వాటర్ కూల్డ్ స్పిండిల్‌కు వీఎఫ్‌డీ కావాలి, పంపు కావాలి, బరువును మోసే గట్టి ఫ్రేము కావాలి. ట్రిమ్మర్‌కు ఇవేవీ అక్కర్లేదు, గోడకున్న ప్లగ్గు చాలు. ఇలాంటి యంత్రాల్లో బాగా పేరున్న మకీటా ఆర్‌టీ 0700 సీ మోటారు 710 వాట్లు. నిమిషానికి 10,000 నుంచి 30,000 చుట్ల వరకు వేగం మార్చుకోవచ్చు. ఒంటి వ్యాసం 65 మిల్లీమీటర్లు కాబట్టి బిగించే క్లాంపులు కూడా ఆ కొలతకే దొరుకుతాయి. నా దగ్గర అంత డబ్బు లేదు. వేగం మార్చే వీలు లేని, ఎప్పుడూ 30,000 చుట్లు తిరిగే చవక రకం కొన్నాను.

మొదటి పటం మాడిపోయింది. ఎండీఎఫ్ పలక మీద నల్లటి గీతలు, గదంతా పొగ. ప్రోగ్రాములో తప్పేమో అనుకుని రెండు రోజులు వెతికాను. మూడో రోజు మిస్త్రీ వచ్చి, నడుస్తున్న యంత్రం పక్కన ఒక నిమిషం నిలబడ్డాడు. కింద రాలిన పొడిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. “ఇది కోయడం లేదు బేటా, రుద్దుతోంది” అన్నాడు.

ఆ మాటను నేను లెక్కగా రాసుకున్నాను. ఫ్రేము నిమిషానికి 600 మిల్లీమీటర్లు కదులుతోంది, బిట్టుకు రెండు పళ్లున్నాయి, వేగం 30,000 చుట్లు. అంటే ఒక్కో పన్నుకు దక్కే చెక్క మిల్లీమీటరులో వందో వంతు. అంత పలచగా పన్ను కోయలేదు, రాపిడితో వేడెక్కుతుంది. వేగం తగ్గించుకునే ట్రిమ్మర్ మిస్త్రీ దగ్గరుంది. దాన్ని 10,000 దగ్గర పెట్టి, ఒంటి పన్ను బిట్టు వేశాం. పన్నుకు 0.06 మిల్లీమీటర్లు వచ్చింది. పొడికి బదులు సన్నటి తునకలు రాలాయి. పుస్తకంలో ఇంత సూత్రంగా ఉన్నదాన్ని ఆయన చెవితో, వేళ్లతో చదివాడు.

ఇది కట్టుకోబోయే విద్యార్థులు ఒకటి గుర్తుంచుకోవాలి. అందరూ వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ జీఆర్‌బీఎల్‌లో రీసెట్ నొక్కితే ఫ్రేము ఆగుతుంది గానీ, నేరుగా ప్లగ్గుకు పెట్టిన ట్రిమ్మర్ ఆగదు. ఉన్నచోటే తిరుగుతూ చెక్కను కాలుస్తుంది. రెండింటికీ కలిపి కరెంటు తీసేసే ఎమర్జెన్సీ స్విచ్చు పెట్టకుండా యంత్రం దగ్గర నుంచి కదలకండి. కార్బన్ బ్రష్షులు అరిగిపోతాయి, ఒక జత అదనంగా ఉంచుకోండి. 6 మిల్లీమీటర్ల బిట్టును పావు అంగుళం కాలెట్‌లో బిగించకండి, అది జారిపోతుంది. ఎండీఎఫ్ ధూళికి మాస్కు తప్పనిసరి. హాస్టల్ గదిలో పెట్టే ఆలోచన మానుకోండి. ఆ మోత పక్క గదివాళ్లు భరించలేరు.

ఈ పని మీద ఒక సదస్సుకు పత్రం రాశాను. మిస్త్రీని సహ రచయితగా పెడతానన్నాను. కృతజ్ఞతల్లో పెడితే చాలని సలహా వచ్చింది. నేను రాసిన నాలుగు వందల లైన్ల ప్రోగ్రాముకు ‘ఇన్నొవేషన్’ అని పేరు, ఆయన నిమిషంలో పట్టుకున్న లోపానికి ‘సహాయం’ అని పేరు. కులం శ్రమను మాత్రమే కాదు, శ్రామికులను విభజిస్తుందని బాబాసాహెబ్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వివరించారు. మేకర్ సంస్కృతి అని మనం గొప్పగా చెప్పుకునే చోట ఆ విభజన కృతజ్ఞతల పేరాలో బతుకుతోంది.

మిస్త్రీ వైపు నుంచి చూస్తే అతనికీ ఒక పథకం ఉంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి, వడ్రంగం వాటిలో ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీతో 3 లక్షల వరకు అప్పు ఇస్తారు. డబ్బు పనికొచ్చేదే, కాదనను. కానీ ఆ పథకం భాషే ‘కుటుంబ పరంపర వృత్తులు’, గురుశిష్య సంప్రదాయం. కులవృత్తిని బలపరిచే ఈ రూపంలో అమలు చేయబోమని తమిళనాడు 2024లో కేంద్రానికి చెప్పింది. వడ్రంగి కొడుక్కి ఉలి, ఇంజినీరు కొడుక్కి సీఎన్‌సీ అన్నది పథకంలో ఎక్కడా రాసి ఉండదు. వడ్రంగి కూతురు సీఎన్‌సీ గదిలోకి ఎలా వెళ్తుందన్నదీ అందులో లేదు.

ట్రిమ్మర్ లాంటి జుగాడ్‌ను పొగిడే వ్యాసాలంటే నాకు అనుమానం. పేదల తెలివి అంటూ చప్పట్లు కొడతారు, అసలు యంత్రం మాత్రం తాళం వెనకే ఉంటుంది. 1942లో వైస్రాయ్‌కి ఇచ్చిన వినతిపత్రంలో అంబేద్కర్ షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు సైన్సు, సాంకేతిక విద్యలో స్కాలర్‌షిప్‌లు అడిగారు. రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిస్‌షిప్‌లు అడిగారు. మిగిలిపోయిన పనిముట్లతో సర్దుకుంటామని ఆయన అనలేదు. ఉన్నత సాంకేతిక విద్యలో వాటా కావాలన్నారు.

గది తెరిచి ఉంచడం అసాధ్యమేమీ కాదు. బడి మానేసిన గ్రామీణ యువతకు చేతిపని ద్వారా చదువు చెప్పే పూణే జిల్లా పాబళ్‌లోని విజ్ఞాన ఆశ్రమంలో 2002లోనే ఫ్యాబ్ ల్యాబు పెట్టారు. ఎంఐటీ బయట తొలి ఫ్యాబ్ ల్యాబుల్లో అదొకటి. పల్లెలో వీలైనది రాష్ట్ర రాజధానిలోని విశ్వవిద్యాలయాల్లో ఎందుకు వీలు కాదు? సమయాల పట్టికను గోడ మీద అంటించాలి. రెండు రోజుల శిక్షణ తర్వాత ఎవరికైనా యంత్రం ఇవ్వాలి. మిస్త్రీలను గంటకింత అని గౌరవ వేతనమిచ్చి బోధకులుగా పిలవాలి. పాడైతే బాగు చేసే ఖర్చు విభాగం బడ్జెట్‌లో ఉండాలి, విద్యార్థి మెడ మీద కాదు.

పోయిన వారం నా ట్రిమ్మర్ బ్రష్షులు అరిగిపోయాయి. మిస్త్రీ పది నిమిషాల్లో మార్చేశాడు, డబ్బు తీసుకోలేదు. సోమవారం ఐదో దరఖాస్తు పెట్టాను. ఈసారి యంత్రం అడగలేదు. సమాచార హక్కు చట్టం 2005 కింద, గడిచిన మూడేళ్లలో ఆ గది తాళం ఏ తేదీన, ఎవరికి, ఎన్ని గంటలు ఇచ్చారో రిజిస్టరు నకలు అడిగాను. జవాబుకు ముప్పై రోజుల గడువుంది.